గుర్రం గురించి ఒక అర్జీ

వనపర్తి గ్రంథాలయంలో పిల్లల బీరువా ముందు నన్ను చూసి లైబ్రేరియన్ నవ్విన నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

"సార్, పెద్దోళ్లవి గా పక్కకున్నయి. గివి పోరగాండ్లవి."

"తెలుసు. మా అమ్మాయి కోసం," అన్నాను.

అబద్ధం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మా అమ్మాయి ఐదో తరగతి. ఆమెకు తొక్కుడుబిళ్ళ తప్ప వేరే లోకం లేదు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తానైన నేను అంతకు ముందు రోజే పత్రిక చదవడానికి వచ్చాను. దాన్ని పట్టుకున్న పెద్దమనిషి గంటసేపు వదలలేదు. (ఆయన్నీ మరిచిపోలేదు.) కోపంతో బల్ల మీద ఎవరో వదిలేసిన పుస్తకం అందుకున్నాను. మనుషుల నీడలు దొంగిలించే రాజు, వాడిని వెతుక్కుంటూ బయలుదేరిన మేకల కాపరి పిల్ల, ఆమెకు తోడుగా ఒంటిరెక్క గుర్రం. ఐదు భాగాల్లో మొదటిది. గ్రంథాలయం మూసేవరకు తల ఎత్తలేదు.

పిల్లల పుస్తకాలు పిల్లల కార్డు మీదే ఇస్తారట. రెండు జడలతో ఫోటో దిగి, సంతకం పెట్టి, మా అమ్మాయి సభ్యురాలైంది. నేను చదివాను. ఆఫీసులో కాలువ మరమ్మతుల ఫైలు మధ్య పెట్టుకుని మరీ చదివాను. నాలుగో భాగం చివర గుర్రం వరద నదిలో పడిపోయింది. ఐదో భాగం బీరువాలో లేదు.

"ఎవరో తీస్కపోయిండ్రు సార్. మళ్ల తేలే."

ఆరు నెలలు అదే జవాబు. ఆఫీసు పని మీద నాగర్‌కర్నూల్ పోయి అక్కడి గ్రంథాలయంలో అడిగాను. లేదు. గద్వాలలో పెళ్లికి పోయి, భోజనాల వేళకు లేచి, ఎండలో గ్రంథాలయం వెతుక్కుంటూ పోయాను. ఆ రోజు సెలవు. తిరిగొచ్చేసరికి పంక్తులు అయిపోయాయి. ఆ పెళ్లివారు నాకు అన్నం పెట్టలేదన్న మాట మీదే ఇప్పటికీ ఉన్నాను.

చివరికి జిల్లా గ్రంథాలయ అధికారికి అర్జీ రాశాను. కార్డు అమ్మాయిది కాబట్టి అర్జీ కూడా ఆమె పేరుతోనే. భాష మాత్రం ఇరవై ఏళ్లుగా ఆఫీసులో అలవాటైనది: "సదరు గుర్రము నదిలో పడిన పిదప బ్రతికినదియు లేనిదియు తెలియక మిక్కిలి మనస్తాపమునకు గురియగుచున్నాను. కావున తమరు దయతో విచారించి, ఐదవ భాగమును తెప్పించవలసినదిగా ప్రార్థన." కింద ఐదో తరగతి, బి సెక్షన్.

జవాబు వచ్చింది. ఇంత చిన్న వయసులో ఇంత భాషా? ఆ చిరంజీవి వచ్చి గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ కథ గురించి మాట్లాడాలట. ఐదో భాగం బహుమతిగా ఇస్తారట.

నాలుగు సాయంత్రాలు మా అమ్మాయిని కూర్చోబెట్టి నాలుగు భాగాలూ చెప్పాను.

"నాయనా, ఆ గుర్రం సస్తే సావనీ. నన్ను జర ఆడుకోనీ."

ఆ రోజు రానే వచ్చింది. మైకు పట్టుకుని లైబ్రేరియన్ అడిగాడు: "చెప్పు బిడ్డా, గుర్రానికి ఏమైంది?"

ఆమె నా వైపు చూసింది. మూడో వరుసలోంచి నేను ఒక చెయ్యి రెక్కలా ఆడించి, నదిలో పడ్డట్టు చూపించాను. హాలంతా వెనక్కి తిరిగింది.

"నాకు తెల్వదు సార్. సదివింది మా నాయన. అర్జీ రాసింది గూడ మా నాయననే. నేను సంతకమే పెట్టిన."

లైబ్రేరియన్ రెండోసారి నవ్వాడు. "మీరే రాండ్రి సార్ పైకి."

ఇంకొకరైతే ఇంటికి పోయేవారు. నేను పోలేదు. వేదికెక్కి, రాజు దగ్గర మొదలుపెట్టి నది దాకా చెప్పాను. పిల్లలు కదల్లేదు. అక్కడ ఆపితే అందరూ ఒక్కసారే, "తర్వాత ఏమైంది సార్?"

"అది తెల్వకనే గదా అర్జీ పెట్టుకున్న!"

ఈసారి అందరూ నవ్వారు. ఐదో భాగం మా అమ్మాయి చేతికిచ్చారు. అర్జీదారు ఆమే కదా.

ఇంటికి వస్తుంటే స్కూటర్ వెనక పేజీలు తిప్పుతున్న చప్పుడు. ఆమె ఆఖరి పేజీ తెరిచింది.

"చెప్పకు బిడ్డా!"

చెప్పేసింది. గట్టిగా, రోడ్డు మీద వాళ్లకు కూడా వినబడేలా. "నాలుగు దినాలు నన్ను ఆడుకోనిచ్చినవా?"

పాన్‌గల్ రోడ్డు మలుపులో స్కూటర్ ఆపి, అలిగి, కాసేపు నిలబడ్డాను. ఆ వారమే పుస్తకం మొత్తం చదివాను. ముగింపు తెలిసి కూడా నది దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు మసకబారాయి. గుర్రం సంగతి మీకు చెప్పను. అలా చెబితే ఎంత బాధో నాకు తెలుసు.

పెద్దయి, ఉద్యోగం వచ్చి ఊరు మారినప్పుడు ఆ ఐదో భాగాన్ని మా అమ్మాయి తనతో తీసుకుపోయింది. ఇన్నేళ్లకు కూర్చుని తనూ చదువుతోందట. నాకు మళ్లీ చదవాలని ఉంది, పంపమని ఫోన్ చేశాను.

"అర్జీ పెట్టుకో నాయనా," అంది.

ముసాయిదా సిద్ధంగానే ఉంది.