ఐదో అవెన్యూ కేథడ్రల్‌కు లేని రాతి చేతుల కోసం నా దండయాత్ర

ఈ యాత్రకు కారణం భక్తి కాదు, కళాపిపాస అసలే కాదు. ఒక తప్పుడు వాక్యం. న్యూజెర్సీలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్ చదివే మా తెలుగు విద్యార్థులకు ఒక ఉమ్మడి ఆస్తి ఉంది, దాని పేరు సీనియర్ల ఫోల్డర్. చదువు ముగించుకుని వెళ్ళిపోయే అన్నయ్యలూ అక్కయ్యలూ తమ అసైన్‌మెంట్లు, నోట్సులు, ప్రాజెక్టులు అన్నీ అందులో పడేసి వెళతారు. తర్వాతి బ్యాచి వాటిని భక్తిశ్రద్ధలతో వాడుకుని, తమవి కూడా కలిపి, కింది బ్యాచికి అప్పగిస్తుంది. అందులో ఉన్నదాన్ని ప్రశ్నించే ఆచారం మాలో లేదు. పాత కట్టడాల కోర్సులో ప్రాజెక్టు ప్రతిపాదన పంపమన్నప్పుడు నేనూ ఆచారం తప్పలేదు. ఫోల్డర్ తెరిచి, ఒక వాక్యం ఎత్తి, కింద నా పేరు పెట్టాను: "న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్స్ కేథడ్రల్ గోడలను నిలబెడుతున్న ఫ్లయింగ్ బట్రెస్‌లను విశ్లేషిస్తాను."

ఇంజినీరింగ్ చదవని పుణ్యాత్ముల కోసం ఒక ముక్క. గోతిక్ చర్చిలకు రాతి వంపుల కప్పు ఉంటుంది. ఆ రాతి బరువు కిందికి దిగడమే కాదు, గోడలను బయటికి తోస్తుంది కూడా. ఆ తోపుకు గోడ వెల్లకిలా పడకుండా, కాస్త దూరంలో ఒక స్తంభం కట్టి, దాని మీదనుంచి గోడకు వంపు తిరిగిన రాతి చెయ్యి ఒకటి అడ్డం పెడతారు. అదే ఫ్లయింగ్ బట్రెస్. పడబోయే పెద్దమనిషి భుజాన్ని పక్కవాడు పట్టుకున్నట్టన్నమాట.

శుక్రవారం సాయంత్రం ప్రొఫెసర్ గారి జవాబు వచ్చింది. "చాలా ఆసక్తిగా ఉంది. ఆ బట్రెస్‌లలో ఒక్కదాని ఫోటో, నువ్వు స్వయంగా తీసింది, సోమవారం పదింటికి నా గదికి తీసుకురా. అది చూశాక ప్రాజెక్టు ఒప్పుకోవాలా, సున్నా వెయ్యాలా ఆలోచిద్దాం." ఈ ప్రాజెక్టుకు కోర్సులో నలభై శాతం మార్కులు. కోర్సులో బి రాకపోతే నా జీపీఏ మూడుకన్నా కిందికి జారుతుంది. జారితే ప్రొబేషన్, అడ్వైజర్ ఆఫీసు, ఎఫ్-1 వీసా గురించి గూగుల్‌లో అర్థంలేని వెతుకులాటలు. కాబట్టి యుద్ధం తప్పదని తేలింది.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఎడిసన్ స్టేషన్‌లో కమ్యూటర్ రైలెక్కాను. టికెట్టు ఒకవైపుకు పదిహేను డాలర్ల పైచిలుకు, మాన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్‌కు దాదాపు గంట ప్రయాణం. తోడు మా రూమ్మేట్ సందీప్. కరీంనగర్ వాడు, కంప్యూటర్ సైన్సు. వాడికి కేథడ్రల్‌కూ రైల్వే గోడౌన్‌కూ తేడా తెలియదు గానీ, వాడి ఫోన్‌కు చంద్రుడి మీద గుంతలు కనబడేంత జూమ్ ఉంది.

"ఒక్క ఫోటో కోసం గింత దూరమా? నెట్‌ల దొరకదారా?" అన్నాడు.

"స్వయంగా తీసింది కావాలట."

"గట్లనా. మీ సారుకు మీ మీద మస్తు నమ్మకమున్నట్టుంది."

పెన్ స్టేషన్‌లో దిగి, ఇ అనే సబ్‌వే రైలుకు మారి, ఐదో అవెన్యూ 53వ వీధిలో దిగి, రెండు వీధులు కిందికి నడిస్తే కేథడ్రల్ ఎదురొస్తుంది. సబ్‌వే మూడు డాలర్లు. నిజం చెప్పాలి, మొదటి చూపుకు వచ్చిన పని మరిచిపోయాను. చుట్టూ గాజు మేడలు, వాటి నడుమ తెల్లటి పాలరాయితో రెండు శిఖరాలు, ఒక్కోటి మూడొందల ముప్పై అడుగులు. 1858లో శంకుస్థాపన చేస్తే, మధ్యలో అంతర్యుద్ధం వచ్చి పని ఆగిపోయి, 1879లో తలుపులు తెరిచారట. శిఖరాలకు మరో తొమ్మిదేళ్ళు పట్టింది. మా కాలనీ రోడ్డు కాంట్రాక్టరును ఇంతకాలం అనవసరంగా తిట్టుకున్నాననిపించింది.

ఇక వేట మొదలు. ఐదో అవెన్యూ నుంచి 50వ వీధి, అక్కణ్ణుంచి వెనక మాడిసన్ అవెన్యూ, తిరిగి 51వ వీధి. ఒక ప్రదక్షిణం అయింది. కిటికీలున్నాయి, శిల్పాలున్నాయి, గోడల మీద వరసగా సూదిమొనల్లాంటి రాతి గోపురాలున్నాయి. రాతి చేతులు మాత్రం లేవు. రెండో ప్రదక్షిణం చేశాం. మూడోది కూడా చేశాం, కోరిక తీరేది మూడోదానికే కదా.

"ఏడున్నయ్‌రా నీ చేతులు? నాకైతే కానొస్తలేవ్," అన్నాడు సందీప్, ఫోన్ దించి.

నాకూ కనబడలేదు. సోమవారం పదింటికి నేను తీసుకెళ్ళాల్సిన వస్తువు ఈ భూమ్మీద లేదు.

51వ వీధి మూలన కాఫీ బండి ఉంటే అక్కడ ఆగాం. బండి అతను ఢాకా వాడట. మా ముఖాలు చూసి, "ఏం పోగొట్టుకున్నారు భాయ్?" అన్నాడు. చెప్పాను. "ఏళ్ళ తరబడి ఈ గోడ చూస్తూ కాఫీ కలుపుతున్నా. అలాంటివి ఏవీ లేవు. ఉంటే పావురాలకు ఇంకాస్త చోటుండేది." సందీప్ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "మామా, ప్యారిస్‌ల చర్చికి గవ్వి మస్తుంటయట. నా ఫోన్‌ల ఎడిట్ కొడ్త. ఎనకాల పసుపుపచ్చ న్యూయార్క్ టాక్సీ ఒకటి పెడ్త. నీ సారు ఏం గుర్తుపడ్తడు?"

ఆ క్షణంలో నేను ధర్మరాజులా తల ఎత్తి తిరస్కరించానని రాయాలనుంది. నిజానికి, టాక్సీ ఎటువైపు పెడితే బాగుంటుందో అడిగాను. నన్ను ఆపింది నీతి కాదు, చదువు. రాతి కప్పుంటే తోపు ఉంటుంది. తోపుంటే ఆపేది ఉండాలి. ఆపేది లేకపోయినా ఈ గోడలు నూరేళ్ళు దాటి నిటారుగా నిలబడ్డాయి. మరి ఎలా? దొంగ ఫోటో సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి అనుకుని లోపలికి నడిచాను. ప్రవేశం ఉచితం, సంచులు తెరిచి చూస్తారు.

లోపల చల్లగా ఉంది. స్తంభాలు మొదలునుంచి చివరిదాకా సన్నటి గీరలుగా పైకెళ్ళి, కప్పులో తాటాకు విసనకర్రల్లా విచ్చుకున్నాయి. నీలం, ఎరుపు అద్దాల వెలుగు నేల మీద పడుతోంది. సందర్శకులకు సాయపడే వాలంటీరు ఒకావిడ, తెల్లజుట్టు, మెళ్ళో బ్యాడ్జి, నా తిరుగుడు గమనించి పలకరించింది.

"ఏమైనా వెతుకుతున్నారా?"

"ఫ్లయింగ్ బట్రెస్‌లు, మేడమ్."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో నాకు ముందు వచ్చిన చాలామంది కనబడ్డారు. "మీరు ఆర్కిటెక్టా?"

"స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను."

"అయితే నన్ను అడగడం దేనికి? పైకప్పును అడగండి."

అడిగాను. మెడ పట్టేసేదాకా తల వెనక్కి వాల్చి ఆ గీరల వంక చూశాను. ఎక్కడా రాయికీ రాయికీ మధ్య నిజమైన అతుకు కనబడలేదు. రంగు మరీ నున్నగా ఉంది. నాకు మా మేనత్త కూతురి పెళ్ళి మండపం గుర్తొచ్చింది. దూరంనుంచి హంపీ స్తంభాలు, దగ్గరికెళ్ళి భుజం ఆనిస్తే థర్మాకోల్.

"అది రాయి కాదు," అన్నాను. నా గొంతు కాస్త పెద్దదయింది, ముందు వరసలో ప్రార్థిస్తున్న ఒకాయన వెనక్కి తిరిగాడు.

"ప్లాస్టర్," అందావిడ, రహస్యం చెబుతున్నట్టు. "మొదట రాతి కప్పే అనుకున్నారు. దానికి తగ్గట్టే గోడలు గీశారు. తర్వాత ఖర్చుకు భయపడి తేలికపాటి కప్పు వేశారు. ఇక పట్టుకునే చేతులతో పనేముంది? అయితే ఆ చేతుల కోసం అనుకున్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. బయటికెళ్ళి పైకి చూడండి."

నేను పరుగెత్తలేదు. కేథడ్రల్‌లో పరుగెత్తకూడదు. చాలా వేగంగా భక్తితో నడిచాను.

51వ వీధి అవతలి పేవ్‌మెంట్ మీదనుంచి చూస్తే అంతా ఎదురుగానే ఉంది. పక్క గోడ మీద వరసగా నిలబడ్డ ఆ రాతి గోపురాలు అలంకారం కాదు, రాని చేతుల కోసం నిలబెట్టిన కాళ్ళు. వాటికీ వెనక ఎత్తైన గోడకూ మధ్య ఖాళీ ఆకాశం. చెయ్యి ఉండాల్సిన చోటు సరిగ్గా అదే.

"సందీప్, అది తియ్‌రా!"

"ఏది?"

"ఆ మధ్యన ఉన్న ఖాళీ."

"ఖాళీనా?" వాడు ఫోన్ దించి నన్ను జాలిగా చూశాడు. "గింత దూరం రైలెక్కొచ్చి గాలి ఫోటో దియ్యాల్నా?"

నమ్మించడానికి ప్రయోగం చేయాల్సొచ్చింది. ఎదురెదురుగా నిలబడి, అరచేతులు కలిపి, ఒకరి మీద ఒకరం వాలాం. అదే రాతి కప్పు. కాసేపటికి సందీప్ బూట్లు వెనక్కి జారడం మొదలైంది. "పడ్తున్న పడ్తున్న!" అని అరిచాడు. కాఫీ బండి అతను ఏమీ అడక్కుండా వచ్చి వాడి మడమ వెనక తన కాలు అడ్డం పెట్టాడు. జారడం ఆగిపోయింది. "ఇదిగో, భాయ్ కాలే ఫ్లయింగ్ బట్రెస్," అన్నాను. "ఇప్పుడు మనం వాలకుండా నిటారుగా నిలబడ్డామనుకో, ఆయన కాలుతో పనేముంది?"

సందీప్ నిటారుగా నిలబడ్డాడు, ఆలోచించాడు, మళ్ళీ గోడ వంక చూశాడు. "అంటే ఖాళీగుండుడే లెక్క కరెక్టన్నట్టు," అని, గాలిని పదహారు ఫోటోలు తీశాడు. బండి అతను, "నా కాలు కూడా తీయండి, రిపోర్టులో వేసుకోవచ్చు," అన్నాడు. వేశాను. రెండో బొమ్మ.

పోలికకు నిజమైన రాయి కావాలి కదా. మాడిసన్ అవెన్యూ మీద ఎం4 బస్సు ఎక్కితే, ట్రాఫిక్‌ను బట్టి నలభై నిమిషాలనుంచి గంటలో, ఊరి పైభాగాన ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ దగ్గర దింపుతుంది. అక్కడ సెయింట్ జాన్ ది డివైన్ అనే ఇంకో కేథడ్రల్ ఉంది. దీనికి టికెట్టుంది, విద్యార్థి కార్డుకు తగ్గింపు. రేటు మారుతుంటుంది, ముందే చూసుకోండి. 1892లో మొదలుపెట్టారు, ఇంకా పూర్తి కాలేదు. మొదట ఒక శైలిలో కట్టి, మధ్యలో మనసు మార్చుకుని గోతిక్‌లోకి వచ్చారు. నడిమధ్యన గరుకు గరుకు గ్రానైటు వంపులు చెక్కకుండానే వదిలేశారు. వాటిమీది పెంకుల గుమ్మటం తాత్కాలికంగా వేసిందట, నూరేళ్ళు దాటినా అలాగే ఉంది.

"మా ఊర్ల టెంపరరీ బస్టాండ్ లెక్క," అన్నాడు సందీప్, ఆ రోజు మొదటిసారి ఒక కట్టడాన్ని మనస్ఫూర్తిగా అర్థం చేసుకుని.

ఇక్కడి పొడవాటి హాలుకు మాత్రం నిజమైన రాతి కప్పు. అందుకే కింద స్తంభాలు చెట్టు బోదెల్లా బలిసి ఉన్నాయి, బయట గోడలకు ఆనుకుని దిట్టమైన రాతి ఆసరాలున్నాయి. సందీప్ ఒక స్తంభాన్ని కౌగిలించుకోబోతే చేతులు సగందాకా కూడా రాలేదు. ఆ ఫోటో కూడా రిపోర్టులో వేశాను. మూడో బొమ్మ, కొలత కోసం. సాయంత్రం ఐదింటికి 110వ వీధిలో ఒకటో నంబరు రైలెక్కి నేరుగా పెన్ స్టేషన్‌కు, అక్కణ్ణుంచి ఎడిసన్‌కు.

సోమవారం పదింటికి ప్రొఫెసర్ గారి బల్ల మీద ఒక పేజీ పెట్టాను. మొదటి వాక్యం: "నా ప్రతిపాదన తప్పు. చూడకుండా రాశాను." రెండోది: "సెయింట్ పాట్రిక్స్‌కు ఫ్లయింగ్ బట్రెస్‌లు లేవు, ఎందుకు అక్కర్లేదో ఇదిగో." ఆయన గాలి ఫోటోను వెలుగుకు ఎత్తిపట్టి చూశారు. తర్వాత అన్నారు, "నీ ప్రతిపాదనలోని వాక్యం, అవే పదాలతో, నాకు ఇంతకుముందు మూడుసార్లు వచ్చింది. ముగ్గురూ ఫోటోలు తెచ్చారు. రెండు ప్యారిస్‌వి. మూడోది ఎక్కడిదో ఇప్పటికీ తెలియలేదు."

ఫోల్డర్‌లో ప్రతిపాదన పెట్టిన మహానుభావులు, దానికొచ్చిన మార్కు మాత్రం పెట్టలేదు.

"ఒక ప్రశ్న," అన్నారాయన. "అందం కోసమైనా ఆ చేతులు కట్టేసి ఉంటే?"

ఒక్క క్షణం సందీప్ మడమ, బండి అతని కాలు కళ్ళముందు మెదిలాయి. "అవతలినుంచి తోసేవాడు లేకపోతే, ఆపడానికి వచ్చినవాడే గోడను లోపలికి తోస్తాడు సర్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పేజీ మీద పచ్చ సిరాతో "అంగీకరించాను" అని రాశారు. కింద ఇంకో మాట: "బుధవారం క్లాసుకు నువ్వే ఇది చెప్పు." బుధవారం చెప్పాను. మానవ వంపు ప్రయోగానికి ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళను పిలిచి జారబెట్టాను కూడా. సెమిస్టర్ చివర్లో ఎ వచ్చింది. జీపీఏ మూడును దాటి, వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు పోయింది. విజయయాత్ర కాబట్టి ఊరేగింపు కూడా జరగాల్సింది గానీ, ఆ వారం వర్షం.

ఇప్పుడు ఎవరైనా ఆ రెండు కేథడ్రల్స్‌లో ఏది గొప్పదని అడిగితే రెండింటి కథా చెబుతాను. ఒకటి రాయిలా కనబడుతూ తేలిగ్గా నిలబడింది. ఇంకొకటి నిజమైన రాయిని మోస్తూ, సగంలో ఆగి, ఏ సిగ్గూ లేకుండా తన గరుకు ఎముకలను అందరికీ చూపిస్తోంది. అంతటి కట్టడమే తాను పూర్తికాలేదని ఒప్పుకుని నిలబడగలిగినప్పుడు, ఒక పేజీ మీద "నాకు తెలియదు, వెళ్ళి చూసొచ్చాను" అని రాయడానికి నాకేం పోయింది? ఏమీ పోలేదు. పైగా, నా జీవితంలో నేను సొంతంగా కనిపెట్టిన మొదటి సంగతి, పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే అయినా, ఆ వీధిలో ఆ రోజు అది నాది.

ఒక చిట్కా. సెయింట్ పాట్రిక్స్‌కు వెళ్ళేముందు ప్రార్థన వేళలు చూసుకోండి, ఆ సమయంలో లోపల తిరగనివ్వరు. ముందు తలుపు దగ్గర సెల్ఫీ దిగి వెనుదిరగకుండా, 51వ వీధి అవతలికి దాటి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడండి. మెడ నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది, గ్రేడ్ మాత్రం మార్కుల జాబితాలో అలాగే ఉండిపోతుంది.