వంతెనకు తేనె పూసిన వైనం

మొన్న బుధవారం నాడు నేను ఒక వంతెనను రెండున్నర గంటలసేపు మూయించాను. ఆ వంతెనకు ఏ లోపమూ లేదు! మరి లోపం ఎక్కడుందో మనవి చేస్తాను. ముందు ఆ టీ అందుకోండి.

వంతెనల ఇంజనీరుగా పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఒంగోలు నుంచి గుంటూరు వైపు పోయే ఒక లోపలి దారిలో, మిరప చేల మధ్య, వాగు మీద పాత వంతెన ఒకటి ఉంది. గ్రానైట్ లారీలన్నీ అడ్డదారిగా దాని మీదుగానే పోతాయి. ఆ దారి బాధ్యత చూసే ఇంజనీరు సునీత ఫోన్ చేసింది.

"సార్, పైకి అంతా బాగానే కనిపిస్తోంది. లోపలే ఎలా ఉందో తెలియడం లేదు. శబ్దం పట్టే పరికరాలు వచ్చాయి. మీరొకసారి దయచేస్తే మాకు ధైర్యంగా ఉంటుంది."

అంత గౌరవంగా పిలిస్తే వెళ్ళకుండా ఉండగలనా?

ఈ పద్ధతంటే నాకు మహా ఇష్టం. కాంక్రీటులో పగులు వెంట్రుకవాసి పెరిగినా ఒక చిన్న శబ్దం పుడుతుంది. మన చెవికి అందదు, సెన్సర్‌కు అందుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా! ఇక్కడ కొట్టడం కూడా ఉండదు. కుండ తనంతట తాను ఏమంటుందో చెవి ఒగ్గి వినడమే. అంత లావు వంతెన మనతో గుసగుసలాడుతుందంటే ఎంత వింత!

అయితే సెన్సర్‌కూ కాంక్రీటుకూ నడుమ గాలి చేరితే శబ్దం అందదు. అందుకని గ్రీజు పూసి అంటించాలి. తీరా వాగులోకి దిగి చూసుకుంటే గ్రీజు ట్యూబు ఆఫీసులోనే ఉండిపోయింది! సునీత ముఖం చిన్నబోయింది.

"దిగులు పడకమ్మా. చిక్కని ద్రవం ఏదైనా పనికొస్తుంది. తేనె మరీ శ్రేష్ఠం," అన్నాను. నా చూర్ణం రంగరించుకోవడానికి అనుపానంగా మా శ్రీమతి పెట్టిన తేనె సీసా సంచిలో ఉండనే ఉంది.

"తేనెనా సార్?"

"ఇంగ్లీషు పుస్తకాల్లోనే ఉందమ్మా!"

ఆరు సెన్సర్లకూ స్వయంగా నా చేతులతోనే పూశాను. టేపు వేసి దూలాల అడుగున బిగించాం. ఆ పక్కనే కాంక్రీటు మీద పెన్సిల్ ములుకు విరిచి, ఆ చిన్న చప్పుడు అందుతుందో లేదో పరీక్షించాను. లాప్‌టాప్‌లో గ్రాఫు చక్కగా లేచింది. 'చూశావా?' అన్నట్టు సునీత వైపు చూశాను. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆమెకూ గుర్తుందట!

పది గంటల దాకా ప్రశాంతం. లారీ వచ్చినప్పుడు చిన్న అలికిడి, పోగానే మౌనం. ఆ తరువాత ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒకటో సెన్సర్ లాప్‌టాప్‌లో టిక్‌మంది. మళ్ళీ టిక్! వంతెన మీద పురుగు లేదు. బరువే లేకుండా శబ్దమా? భయపడవలసిన చోట నాకు సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. ఇలాంటిది నా సర్వీసులో చూసి ఎరుగను.

అరగంటకు రెండో సెన్సర్ అందుకుంది. ఆపైన మూడోది!

"పగులు ఒడ్డు నుంచి నడిమికి పాకుతోందమ్మా! రాకపోకలు ఆపించు."

సునీత వెంటనే రెండు వైపులా అడ్డం పెట్టించింది.

మబ్బు పట్టడం అప్పుడే మొదలైంది. నిండా మిరప బస్తాలతో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. రైతు పేరు మస్తాన్ వలీ. బస్తాల మీద చిరుగుల పట్టా ఒకటి ఉంది, అదీ సగానికే చాలింది.

"ఏందండీ ఇది? పైన మబ్బు చూశారా? సంవత్సరం కష్టం! కాయ తడిసిందా, నాసిరకం తాలు కింద కూడా కొనరు. చుట్టు తిరిగి పోదామంటే అంతా గుంటలే. వాన దార్లోనే పట్టుకుంటది."

"లోపల పగులు పెరుగుతోందయ్యా. మీ ప్రాణాల కోసమే."

"పగులు మీరు చూశారా?"

"అది కనబడదు. వినబడుతుంది."

"అయితే నాకూ వినిపించండి."

లాప్‌టాప్ అతని వైపు తిప్పాను. టిక్... టిక్‌టిక్... టిక్. కాసేపు శ్రద్ధగా విన్నాడు. వాగులోకి దిగి, దూలం కిందికి పోయాడు. క్షణం తరువాత కేక!

"సారూ! ఇక్కడ బంతి భోజనాలు జరుగుతున్నాయి, మీరూ రండి!"

మోకాళ్ళు పట్టుకుని దిగాను. ఒడ్డు నుంచి ఎర్ర చీమలు బారులు తీరి, ఒకటో సెన్సర్ దగ్గర కడుపు నింపుకుని రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి సాగుతున్నాయి! నాలుగోదాని వైపు కూడా కొందరు పెద్దలు బయలుదేరారు.

"మీరు పెట్టిందేనా సారూ ఈ విందు?" అని మస్తాన్ వలీ అడిగాడు.

"అనుపానం," అన్నాను. ఇంకేమంటాను?

అన్నీ ఊడదీసి తుడిచాం. కానీ వదిలేయడానికి సునీత ఒప్పుకోలేదు. "చీమలు ఉన్నంత మాత్రాన పగులు లేదని కాదు కదా సార్. మళ్ళీ పెట్టి చూడాల్సిందే. గ్రీజు కోసం ఒంగోలు పోయి రావాలి."

మస్తాన్ వలీ నెత్తి కొట్టుకున్నాడు. "గ్రీజా? ట్రాక్టరు నడిపేవాడి దగ్గర గ్రీజు ఉండదా అమ్మా? పొద్దున ఎవర్నడిగినా ఇచ్చేవాళ్ళే!" పెట్టెలోంచి డబ్బా తీసి ఇచ్చాడు.

కొత్తగా అంటించాం. లాప్‌టాప్ నిశ్శబ్దం. ముందు ఖాళీ జీపును, తరువాత ఆపి ఉంచిన లారీని నెమ్మదిగా నడిపించాం. లారీ పోగానే మళ్ళీ మౌనం. అంత తియ్యని మౌనం నేనెన్నడూ వినలేదు! అడ్డం తీయించగానే ట్రాక్టరు వంతెన దాటింది. చినుకు పడేసరికి బస్తాలు ఆవలి ఊళ్ళో ఒక షెడ్డు కిందికి చేరాయని అతనే ఫోన్ చేసి చెప్పాడు.

సాయంత్రం సునీత ఫీల్డు పుస్తకం నా ముందు పెట్టి, "మీ సంతకం కావాలి సార్," అంది. అభిప్రాయం అన్న గడిలో ఇలా రాసి ఉంది: "వంతెన దృఢంగా ఉన్నది. పరీక్షించిన పెద్దలను మాత్రం ఏడాదికొకసారి తనిఖీ చేయించవలెను."

కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాను. సాంకేతికంగా ఒక్క తప్పూ దొరకలేదు. సంతకం పెట్టాను.