రఫీక్ పంపిన సగం నెమలి

ఢాకాలో రిక్షాల మీద బొమ్మలేసే రఫీక్, రాంగోపాల్‌పేట్‌లో బోర్డులు రాసే నేను నెట్‌లో దోస్తులయ్యాం. ఒకే రేకు మీద చెరిసగం నెమలి వేద్దామనుకున్నాం. తన సగం వేసి రేకు నాకు పంపిన వారానికే అతనికి పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి పడిపోయింది.

ఈ రోజు షాపుకెళ్లేసరికి ఆ రేకు మీద తెల్లరంగు ఆరుతోంది. గోడకు ఆనించిన రేకు కనబడితే తెల్లరంగు కొట్టి మళ్లీ వాడటం మా దగ్గర అలవాటు.

"ఏం జేసినవన్నా!" అని ఓనర్ మీద అరిచాను.

"పాత రేకనుకున్న. గింత లొల్లి ఎందుకురా? ఇంకోటి పంపమను."

"ఏ చేత్తోని పంపాలె?"



సాయంత్రం రఫీక్ కూతురు మెసేజ్ పెట్టింది: "నీ సగం అయిందా? నాన్న రోజూ అడుగుతున్నాడు."

'కళకు చావు లేదు' అని కామెంట్లు పెట్టకండి, ఒళ్లు మండుతుంది. ఆ పిల్లకు ఏం రాయాలో చెప్పండి.