చెమ్మ ఉన్న చోటు

చంగానె ఏటి పల్లంలో వానలు ముఖం చాటేస్తే అందరూ ముసలి న్వామషేలె గుమ్మంలోకే వస్తారు. చనిపోయిన పసికందుని కుండలో పెట్టి పొడినేలలో పూడిస్తే వాన రాదంటారు. తవ్వి తీసి, మడుగు మట్టిలో పెట్టడం ఆమె పని. ఎండిన మడుగులో వేలు గుచ్చి చెమ్మ ఉన్న చోటు చెబుతుంది. ఆ వేలి గోరు ఎప్పుడో అరిగిపోయింది. ఈ ఏడు తవ్వి తీసింది సొంత కూతురు న్యెలెతి బిడ్డని. బిడ్డ ఉన్న కుండని వదలని కూతురితో, "ఈ మట్టిలో చేపగుడ్లు ఎండలున్నన్నాళ్ళూ బతికే ఉంటాయే. ఇందులో పెట్టిందేదీ పోదు, ఇటివ్వు" అంది.

వాన పడింది. నెల తిరిగేసరికి మడుగు నిండా ఎర్ర చేపలు. జనం బుట్టలతో దిగారు. గట్టున కూర్చున్న న్యెలెతి, "అన్నీ లేచొచ్చాయి కదమ్మా, నాదేదీ?" అంది.

న్వామషేలె నీళ్ళకేసే చూస్తూ, "నేను చెప్పింది చేపల సంగతే, తల్లీ" అంది.