బ్రేకక్క

స్కూలు బస్సు నడిపే ఆమెను పిల్లలందరూ బ్రేకక్క అంటారు. సాయంత్రం ఇంటికి రాగానే, డ్యూటీ చొక్కా అయినా మార్చుకోకుండా, అంతరిక్ష యుద్ధాల సీరియల్ ముందు కూలబడుతుంది. తెర మీద నౌక మలుపు తిరిగితే చాలు, ఆమె కుడికాలు గచ్చును అదిమిపెడుతుంది. శత్రువు వెనకనుంచి వస్తుంటే ఆ నౌక నడిపే ఆడ కెప్టెన్ మీద విరుచుకుపడుతుంది: "వెనక్కి చూడవే మొద్దూ! కళ్ళు నెత్తికెక్కాయా?" పక్కింటివాళ్ళు మొదట్లో అది ఎవరో చుట్టాలావిడతో గొడవే అనుకున్నారు. గడియారాలు బాగుచేసే భర్త మాత్రం పక్క కుర్చీలో కిక్కురుమనకుండా కూర్చుంటాడు. ఏ భాగమైనా ఇద్దరూ కలిసే చూడాలి, ఒకరు ముందు చూడకూడదు. అది ఆ ఇంటి చట్టం.

మొన్న కెప్టెన్ ఒంటరిగా శత్రునౌకలోకి దూకబోతుంటే, ఆయన లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికందేలా పెట్టాడు. ఆమె అడగలేదు. మరుక్షణంలో కెప్టెన్ నేలకొరిగింది. బ్రేకక్క ముందు గ్లాసు వైపు, తర్వాత భర్త వైపు చూసింది.

"ఇది చచ్చిపోతుందని మీకు ముందే తెలుసు!"

"నువ్వు తట్టుకోలేవేమోనని... కొట్లో ఫోన్లో చూశానే."

"తట్టుకోలేకపోతే ఏడుస్తాను! నా ఏడుపు నన్నేడవనివ్వండి. నాకంటే ముందు చూడ్డానికి మీరెవరు?"

నీళ్ళు తీసుకెళ్ళి సింకులో పారబోసింది. సీరియల్ మానలేదు గానీ, కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. ఇప్పుడు నౌకకు ప్రమాదం వస్తే ఆమె తెర చూడదు, ఆయన మొహం చూస్తుంది. అక్కడ రెప్ప కదిలిందా, కుడికాలు గచ్చును తంతుంది.