స్వరూప లెక్క తప్పు కాదు

తొమ్మిదేళ్లుగా ఇది నాతోనే తిరుగుతోంది. క్లాసులో జన్యువుల పాఠం మొదలుపెట్టగానే పిల్లల వైపు చూడలేక బోర్డు వైపు తిరిగిపోతాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో నాది పీహెచ్‌డీ చివరి ఏడాది. మా పని ఒక హోమియోబాక్స్ జన్యువు మీద. కడుపులో బిడ్డకు తల ఎక్కడ రావాలో, కాళ్లెక్కడ రావాలో చూసే జన్యువుల కుటుంబం అది. మనిషి కణం రెండుగా చీలడానికి కూడా ఆ జన్యువు కావాలని మా గైడ్ సార్ గట్టి నమ్మకం. దాన్ని పనిచేయనివ్వకపోతే కణాలు చీలడం ఆగాలి.

ఆగాయి. ఎందుకు ఆగాయో నాకొక్కదానికే తెలుసు.

జన్యువును ఆపిన కణాలనూ మామూలు కణాలనూ ఒకే ఇంక్యుబేటర్లో, అంటే కణాలు పెంచే వెచ్చటి పెట్టెలో, ఉంచాలి. చోటు లేక వేర్వేరుగా పెట్టాను. సోమవారం పొద్దున వచ్చి చూస్తే, జన్యువును ఆపిన కణాలున్న ఇంక్యుబేటర్‌కి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అందించే సిలిండర్ ఖాళీ. గ్యాస్ అందక నీరసించి ఆగిపోయాయి, అంతే. ఎవరూ రాకముందే గబగబా సిలిండర్ మార్చేశాను. ఆ కణాల డిష్‌లు పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సింది. పారేయలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెట్టాను. సార్ ఆ అంకెలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖంలో ఆ సంతోషం చూశాక నాకు నోరు పెగల్లేదు. నిజంగా పెగల్లేదా, నేనే పెగలనివ్వలేదా?

మా పరిశోధన పేపర్ ఒక సైన్స్ పత్రికలో అచ్చయింది. దాన్ని ముందుకు తీసుకెళ్లే పని స్వరూపకిచ్చారు. నా తర్వాత చేరిన అమ్మాయి. మాణికేశ్వర్ నగర్‌లో అద్దె గది, వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. నా ప్రయోగమే మూడుసార్లు చేసింది. మూడుసార్లూ కణాలు చక్కగా చీలాయి. మీటింగ్‌లో అందరి ముందూ సార్, "నీకు చెయ్యి కుదరట్లేదమ్మా, ఈ పని వదిలెయ్" అన్నారు. నేను నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు తలొంచుకున్నాను.

ఆ సాయంత్రం తార్నాక బస్టాప్‌లో నా పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, నిజం చెప్పు. నా పనిలనే తప్పున్నదా? నీకు ఒక్కసారి కూడ గిట్ల రాలేదా?"

"రాలేదు స్వరూపా. ఇంకొంచెం జాగ్రత్తగా చేసి చూడు."

"ఇంకెంత జాగ్రత్తగ చెయ్యాలె అక్కా?"

మల్కాజ్‌గిరి బస్సొచ్చింది. ఎక్కేశాను. అది నా బస్సు కూడా కాదు.

నెల తిరక్కుండా ఆమె పీహెచ్‌డీ మానేసింది. నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. భయపడి దాచానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. భయమైతే కొన్నాళ్లకు పోయేది కదా? తొమ్మిదేళ్లు నిలిచింది భయం కాదు, దక్కినవి వదులుకోవడం ఇష్టంలేకపోవడం. నన్ను అక్కా అని నమ్మింది కాబట్టే ఆ పిల్ల తన కళ్లతో చూసినదాన్ని నమ్మలేకపోయింది.

ఈ పొద్దున సార్‌కీ, పేపర్ వేసిన పత్రికకీ జరిగిందంతా రాసి పంపాను. తర్వాత నల్లకుంట వెళ్లాను. స్వరూప అక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చేస్తోంది. కౌంటర్ దగ్గర నిలబడే మొత్తం చెప్పాను.  చెప్పడం అయ్యాక ఆమె తర్వాతి టోకెన్ నంబరు పిలిచింది.

రోడ్డు మీదికొచ్చాక ఎటు నడుస్తున్నానో చాలాసేపు తెలియలేదు. ఆమె క్షమించలేదు. నేను అడగనూ లేదు. చెప్పాను, అంతే. ఆ మాత్రానికే ఊపిరి కొంచెం లోపలికి దిగింది.