గుండీ పాట

మాకు తెలిసి నంద్యాలలో పియానో వాయించేవాడు ఒక్కడే. వాయించమని అడిగేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆయన మిషను బడిలో లెక్కల పంతులు, యేసురత్నం సారు. దొరసానులు బడిలో వదిలిపోయిన పియానోతో పాటు ఒక జాజ్ రికార్డు కూడా ఆయనకు దక్కింది. అందులో ఒక ఆడగొంతు, ఒక పియానో, అంతే. పక్కన కూర్చుని చెప్పుకున్నట్టు నెమ్మదిగా పాడుతుంది. భాష సగం అర్థం కాకపోయినా సారు దాంతో ఇరవై ఏళ్లు కాపురం చేశాడు.

1996లో అలాంటిదే తెలుగులో చెయ్యాలని పూనుకున్నాడు. పాటలు తనవి, గొంతు భార్య జీవమ్మది. ఎనిమిది పాటలూ ఆలుమగల మాటలే. ‘చొక్కా గుండీ ఊడింది, ఆగు కుడతాను, అంతసేపైనా నా దగ్గరుండు’ అని ఒక పాట. అవి విని నాలుగిళ్లలోనైనా మొగుడూ పెళ్లాం ఒకరినొకరు ప్రేమగా చూసుకోవాలని ఆయన ఆశ. పైకి చెప్పడానికి సిగ్గుపడేవాడు.

రికార్డింగు చేసినాయన మొదటే అడిగాడు. “డోలక్కు యాడ సార్?”

“లేదప్పా.”

“ల్యాకుంటే సావుపాట మాదిరుంటాది.”

ఆ ముక్కకు సారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

పెళ్లిళ్లలో ఎవరూ ఆ క్యాసెట్టు పెట్టలేదు. ఆళ్లగడ్డ మైకుసెట్టు మద్దిలేటి మాత్రం కొన్నాడు. చావు ఇళ్లలో సినిమా పాటలు పెడితే బంధువులు తిడుతున్నారు, దరువు లేని నిదానం పాటలు ఆయనకు ఇవే దొరికాయి. ఏడాది తిరిగేసరికి శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా జీవమ్మ పాడనిదే శవం లేవడం లేదు. క్యాసెట్లన్నీ అమ్ముడుపోయాయి. బస్సులో ఒకావిడ గొంతు గుర్తుపట్టి జీవమ్మ చెయ్యి పట్టుకుని, “మా మామ సావుకు ఎంత బాగ పాడినావమ్మా!” అంది. జీవమ్మ నవ్వు ఆపుకోలేక ఒక స్టాపు ముందే దిగిపోయింది. సారుకు మాత్రం ఒళ్లు మండింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాడు. మద్దిలేటి ఒక పెద్ద రైతు ఇంట్లో ఉన్నాడు. ఆ రైతు భార్య సుబ్బలక్ష్మమ్మ పోయింది. గుండీ పాట వస్తోంది.

“ఆ క్యాసెట్టు ఇచ్చెయ్ మద్దిలేటీ. అవి సావుపాటలు గావు.”

“ఏందీ సార్, జనం ఇష్టపడి వింటాంటే?”

అరుగు మీద కూర్చున్న రైతు తలెత్తాడు. పొద్దుటి నుంచి ఆయన ఏడవలేదట.

“సావుపాట ఎట్లయితాది? ఆయమ్మ మొగునితో మాట్లాడతాంది” అన్నాడు, చొక్కా గుండీ పట్టుకుని. “మొన్న బేస్తవారం నా పెండ్లాం గూడా నన్ను నిలబెట్టి ఇట్లే కుట్టింది. చేనికి పొద్దుపోతాందని కసురుకుంటి.” అప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది. “ఇంగోసారి పెట్టప్పా.”

పాట ఎక్కడ మొదలవుతుందో మద్దిలేటికి తెలియలేదు. యేసురత్నం సారే వంగి టేపు వెనక్కి తిప్పాడు.

సాయంత్రం ఇంటికి రాగానే జీవమ్మ అడిగింది. “క్యాసెట్టు తెచ్చినారా?”

“లేదు. ఆడ ఒకాయన వింటాండాడు.”